నాలుగుసార్లు కడిగిన కారు

గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయుల వారికి,

నమస్కరించి రాయునది ఏమనగా,

సార్, మీరు ప్రధానోపాధ్యాయులు కాదని నాకు తెలుసు. బడిలో నేను నేర్చుకున్న ఉత్తరం ఇదొక్కటే, సెలవు చీటీ. ఆ తర్వాత బడి మానేశాను, వేరే ఉత్తరాలు నేర్చుకునే పని పడలేదు. అందుకని దీంతోనే మొదలుపెట్టాను. ఏమీ అనుకోకండి.

నేను నిన్న మీ షెడ్డుకి తెల్ల కారు వేసుకొచ్చిన అబ్బాయిని. మీ దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొని ఐదు నెలలు కావస్తోంది. ఆరు నెలల గ్యారంటీ అని కాగితం కూడా ఇచ్చారు. దాని మీదున్న నంబరుకే ఫోన్‌లో ఇది రాస్తున్నాను. ఈమధ్య దానికి ఒక రోగం పట్టుకుంది. ఒక ఇరవై నిమిషాలు బాగానే నడుస్తుంది. ఆ తర్వాత ఎక్కడైనా సిగ్నల్ దగ్గర ఆపానా, ఇంజన్ ఆగిపోతుంది. అది ఆగగానే హారన్ మొదలవుతుంది. దానంతటదే! తాళంచెవి తీసినా ఆగదు. మూడు నాలుగు నిమిషాలు మోగి మోగి, దానికి విసుగొస్తే అప్పుడు ఆగుతుంది. మళ్ళీ స్టార్ట్ చేస్తే ఏమీ ఎరగనట్టు కదులుతుంది.

సార్, నేను నలుగురు చూస్తే చెవులు ఎర్రబడే రకం. కొట్టుకెళ్ళి సబ్బు అడగాలన్నా పక్కవాళ్ళు అడిగేదాకా ఆగి "నాకూ అదే" అంటాను. అలాంటివాడికి ఈ కారు దొరికింది. రోడ్డు మీద అందరూ నావైపే చూస్తారు. మా అక్క ఈ కారుకి మైకు అని పేరు పెట్టింది.

మా అమ్మ ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని ఆస్పత్రికి డాక్టరు కోట్లు, దుప్పట్లు కుట్టి ఇస్తుంది. సోమవారం, గురువారం పొద్దున పదింటిలోపు అప్పజెప్పాలి. మొన్నే లైసెన్సు వచ్చింది కాబట్టి ఆ పని నాది. మూడుసార్లు ఆలస్యమైతే ఆర్డరు ఇంకొకరికి ఇచ్చేస్తానని అక్కడి స్టోరు మేడమ్ చెప్పేసింది. కారు వల్ల ఒకసారి అయిపోయింది.

ఇదంతా నిన్న మీ షెడ్డులో చెబుదామనే వచ్చాను. ఇంట్లో అద్దం ముందు రెండుసార్లు చెప్పి చూసుకున్నాను కూడా. తీరా నీలం టోపీ పెట్టుకున్న మెకానిక్ అన్న ఎదురుగా వచ్చి నిలబడేసరికి మొత్తం మర్చిపోయాను. ఆయన నన్ను చూశాడు. నేను టైరును చూశాను. "ఏం లేదన్నా" అన్నాను. ఆయన కారు కడిగి ఇచ్చేశాడు.

చాలా బాగా కడిగాడు సార్. కానీ నేను వచ్చింది దానికి కాదు.

కావున తమరు దయతలచి నాకు రెండు రోజులు సెలవు ఇప్పించవలసిందిగా కోరుచున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
తెల్ల కారు అబ్బాయి

తా.క. చివర్లో సెలవు మాట అలవాటుకొద్దీ వచ్చేసింది. చెరపబోతే ఉత్తరం మొత్తం పోతుందేమోనని భయమేసి అలాగే ఉంచాను.

—

గౌరవనీయులైన ఖాతాదారు గారికి,

మీ సందేశం అందినది. మీ ఫిర్యాదు సంఖ్య అరవై ఒకటి.

మొదటి విషయం: మా సంస్థలో ప్రధానోపాధ్యాయులు లేరు. రెండవ విషయం: మీరు కోరిన రెండు రోజుల సెలవు గురించి హాజరుపట్టీ పరిశీలించాము. అందులో మీరు లేరు. ఉద్యోగి కానివారికి సెలవు మంజూరు చేసే అధికారం ఈ విభాగానికి లేదు.

మూడవ విషయం: మా కార్డులో ఇలా ఉన్నది. "ఖాతాదారు వచ్చారు. ఏం లేదన్నారు. కారు కడిగి ఇవ్వడమైనది." ఏమీ లేని కారుకు కడగడం మించి చేయగలిగినది లేదు. ఇది ఉచిత సేవ అని గమనించగలరు.

ఇట్లు,
సేవా విభాగం

తా.క. ఈసారి రాసేటప్పుడు ఏ తేదీన ఆగింది, ఎన్ని నిమిషాలు నడిచాక ఆగింది, హారన్ ఎంతసేపు మోగింది, ఈ మూడూ తప్పకుండా రాయండి. ఎందుకని అడగకండి.

—

గౌరవనీయులైన సేవా విభాగం మేడమ్ గారికి,

నమస్కరించి రాయునది. మా అక్క మీ ఉత్తరం చదివి, ఇంత శుభ్రంగా రాసిందంటే కచ్చితంగా మేడమే అయ్యుంటుంది అంది. అందుకని మేడమ్ అని రాశాను. కాకపోతే చెప్పండి, మార్చేస్తాను.

మీరు అడిగిన వివరాలు. పన్నెండో తేదీ, సోమవారం. ఇరవై రెండు నిమిషాలు నడిచాక. నాలుగు నిమిషాలు మోగింది. ఎక్కడ మోగిందో మీరు అడగలేదు కానీ చెబుతాను. సరిగ్గా ఆస్పత్రి గేటు ముందు. అక్కడ "నిశ్శబ్దం పాటించండి" అని పెద్ద బోర్డు ఉంది, దాని కిందే. పై అంతస్తులో కిటికీలన్నీ ఒకదాని తర్వాత ఒకటి తెరుచుకున్నాయి. కాలికి కట్టు వేసుకున్న పెద్దాయన ఒకాయన వరండాలోకి గెంతుకుంటూ వచ్చి మరీ చూశాడు. వాచ్‌మన్ ఎవరో పెద్దవాళ్ళు వచ్చారనుకుని నాకు సెల్యూట్ కొట్టాడు. నేను సీటు కిందికి జారిపోయి కూర్చున్నాను.

ఆ రోజు మాత్రం ఆలస్యం కాలేదు. గేటు దాకా వచ్చేశాం కాబట్టి అమ్మ దిగి దుప్పట్ల మూట నెత్తిన పెట్టుకుని పరిగెత్తింది.

మర్నాడే మళ్ళీ మీ షెడ్డుకి వచ్చాను. ఈసారి మర్చిపోకుండా ఫిర్యాదు అంతా అరచేతి మీద పెన్నుతో రాసుకొచ్చాను. నీలం టోపీ అన్న వచ్చి కనుబొమ్మలు ఎగరేశాడు. ఆయన నోటితో ఏమీ అడగడు మేడమ్, కనుబొమ్మలే. నేను చదువుకోమని చెయ్యి చాపాను. ఆయన షేక్‌హ్యాండ్ ఇచ్చాడు.

ఆయన చేతికున్న గ్రీజంతా నా చేతికి అంటుకుంది. రాసింది మొత్తం పోయింది. ఇంక నాకు చెప్పడానికి ఏమీ మిగల్లేదు. మళ్ళీ కడిగి ఇచ్చాడు. ఈసారి లోపల ఏదో సెంటు కూడా కొట్టాడు.

నాకు తెలిసి ఆయనకి కాస్త పొగరు. ఒక్క మాట మాట్లాడితే ఏం పోయింది? మీలాగా చదువుకున్నవాళ్ళు ఏసీ గదుల్లో కూర్చుని ఇంత మర్యాదగా రాస్తుంటే, బయట ఆయన అలా ఉంటే మీకే చెడ్డపేరు.

కావున వేరే కారు ఇవ్వండి, లేదా ఇదే బాగుచేసి ఇవ్వండి అని కోరుచున్నాను.

ఇట్లు,
తెల్ల కారు అబ్బాయి

తా.క. అక్క ఇంట్లో "చెప్పావా?" అని అడిగితే "చెప్పాను" అన్నాను. అమ్మ కారు చూసి "చెబితే ఎంత బాగా చేశారో" అని మురిసిపోయింది. అబద్ధం నాది, మెరుపు మీది.

—

గౌరవనీయులైన ఖాతాదారు గారికి,

మీ రెండవ సందేశం అందినది.

మా మెకానిక్‌కు పొగరు ఉన్నదన్న ఆరోపణను ఈ విభాగం పూర్తిగా ఖండిస్తున్నది. ఆయన చాలా మంచివాడని విభాగం అభిప్రాయం. కనుబొమ్మలు ఎగరేయడం కూడా అడగడమే. ఆ రోజు మీరు చెయ్యి చాపితే ఆయన సంతోషించాడు. ఈ షెడ్డులో చేరిన తర్వాత ఆయనకు ఎవరూ చెయ్యి చాపలేదు. ఆ సంగతి విభాగానికి ఎలా తెలిసిందన్నది అప్రస్తుతం.

ఇక గ్యారంటీ విషయం. మీ కాగితం వెనకవైపు చిన్న అక్షరాల్లో ఒక నియమం ఉన్నది. గ్యారంటీ గడువులో ఒకే లోపాన్ని మూడుసార్లు మరమ్మతు చేసినా అది పోకపోతే, వేరే కారు కోరే హక్కు గానీ డబ్బు వెనక్కి కోరే హక్కు గానీ కొన్నవారికి ఉంటుంది. మా కార్డుల ప్రకారం మీ కారుకు ఇప్పటివరకు జరిగిన మరమ్మతులు: లేవు. కడగడాలు: రెండు. కడగడం మరమ్మతు కిందికి రాదు.

ఇట్లు,
సేవా విభాగం

తా.క. ఉత్తరాలు పంపేముందు యజమాని గారు చదువుతారు. సంతకం దాకానే చదువుతారు. సంతకం కింద ఏముందో ఆయన ఎప్పుడూ చూడలేదు. ఇకమీదట మీకు పనికొచ్చేది ఏదైనా ఇక్కడే రాస్తాను.

మళ్ళీ తా.క. ఏసీ లేదు.

—

గౌరవనీయులైన మేడమ్ గారికి,

నమస్కరించి రాయునది. నేను ఇవాళ కోపంగా ఉన్నాను. రాతలో తెలియదేమోనని ముందే చెబుతున్నాను.

ఇరవై రెండో తేదీ, గురువారం. ఇరవై నిమిషాలు నడిచాక. మూడు నిమిషాలు. ఈసారి పెద్ద సిగ్నల్ దగ్గర. నా వెనకాల ఉన్నవాళ్ళంతా నేనే కావాలని హారన్ కొడుతున్నాననుకుని, వాళ్ళూ కొట్టడం మొదలుపెట్టారు. ట్రాఫిక్ ఆయన వచ్చి "ఏం బాబూ, తొందరా?" అన్నాడు. నేను స్టీరింగు మీంచి రెండు చేతులూ పైకెత్తి చూపించాను. "చేతులెత్తి దండం పెడితే సరిపోతుందా? ముందు హారన్ ఆపు" అన్నాడు. వెనక సీట్లోంచి అమ్మ "మావాడు కాదండీ, కారే అరుస్తోంది" అంటే ఆయన అమ్మని కూడా ఒకలా చూశాడు.

పదీ పావుకి చేరాం. రెండో ఆలస్యం. స్టోరు మేడమ్ గోడ గడియారం వైపు చూసి పుస్తకంలో ఒక గీత గీసింది. ఆ గీత ఇంకొకటి పడితే అమ్మ మిషను ఆగిపోతుంది. తిరిగి వచ్చేటప్పుడు అమ్మ దారంతా ఏమీ మాట్లాడలేదు. మా ఇంట్లో మాట్లాడకపోవడం నా పని, అమ్మ పని కాదు.

మర్నాడు మూడోసారి మీ షెడ్డుకి వచ్చాను. ఫిర్యాదు కాగితం మీద రాసి, మడిచి, ముందు అద్దం మీద వైపర్ కింద పెట్టాను. ఇంక చెప్పక్కర్లేదు, చూస్తే చాలు కదా అని. టీ తాగి వచ్చేసరికి నీలం టోపీ అన్న కారు కడిగేశాడు. కాగితం కూడా కడిగేశాడు. ఒక్క అక్షరం లేదు. తెల్లగా, శుభ్రంగా, మళ్ళీ వైపర్ కిందే పెట్టి ఇచ్చాడు.

మేడమ్, ఆయన్ని ఏమనాలో మీరే చెప్పండి.

మా అక్కకి సంగతి మొత్తం తెలిసిపోయింది. మీ ఉత్తరాలన్నీ చదివి "మూడుసార్లు వెళ్ళి మూడుసార్లూ స్నానం చేయించుకొచ్చావా!" అని నెత్తి మీద ఒకటి ఇచ్చింది. తనే వచ్చి మీ యజమానితో మాట్లాడతానంది. మా అక్క మాట్లాడితే మైకు అక్కర్లేదు. నేనే బతిమాలి ఆపాను. ఈ ఒక్కటీ నేను చేస్తానక్కా అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

కావున వేరే కారు ఇవ్వండి అని కోరుచున్నాను.

ఇట్లు,
తెల్ల కారు అబ్బాయి

తా.క. మీరు మేడమా, సారా? అక్క కచ్చితంగా కనుక్కోమంది. నేను రోజూ ఫోను చూసి నవ్వుకుంటున్నానని అక్కకి ఏదో అనుమానం.

—

గౌరవనీయులైన ఖాతాదారు గారికి,

మీ మూడవ సందేశం అందినది. దీనికి సమాధానం యజమాని గారు స్వయంగా చెప్పగా రాయడమైనది.

"హారన్ మోగుతున్నదంటే హారన్ బాగున్నదని అర్థం. చాలా పాత కార్లలో హారన్ మోగదు. మీ కారు ఆగినప్పుడు చుట్టుపక్కలవారిని హెచ్చరిస్తున్నది. దీనికి మేము అదనంగా ఏమీ తీసుకోలేదు. మా షెడ్డులో మీ కారు ఒక్కసారి కూడా ఆగలేదు. మీరు కూడా ఒక్కసారి కూడా నోటితో ఫిర్యాదు చెప్పలేదు. కడగడాలు: మూడు. మరమ్మతులు: లేవు."

ఇట్లు,
సేవా విభాగం

తా.క. విభాగం మేడమ్ కాదు, సారూ కాదు. ఒక స్టూలు, ఒక ఫోను, పక్కన ఒక నీళ్ళ కుళాయి.

మళ్ళీ తా.క. ఈ సంస్థలో "మరమ్మతు చేశాము" అన్న మాట ఉత్తరంలో గానీ కార్డు మీద గానీ రాయకూడదని యజమాని గారి ఆజ్ఞ. రాస్తే లెక్కలోకి వస్తుంది. మూడు పడితే కారు మార్చాలి. అందుకని ఏం చేసినా "కడగడం" అనే రాయాలి. మీ కారు ఇక్కడ ఎందుకు ఆగదంటే, ఇక్కడికి వచ్చాక చల్లారిపోతుంది కాబట్టి. అది వేడెక్కితేనే నోరు విప్పుతుంది. మీలాగా కాదు, మీరు వేడెక్కినా విప్పరు.

ఇంకో తా.క. ఆ రోజు కాగితం కడిగేటప్పుడు యజమాని గారు వెనకే నిలబడి ఉన్నారు. మెకానిక్‌ను తిట్టుకోకండి.

—

గౌరవనీయులైన స్టూలు గారికి,

నమస్కరించి రాయునది. మేడమ్ కాదు, సారు కాదు అన్నారు కాబట్టి ఇంకేం రాయాలో తెలియలేదు.

నాలుగో తేదీ, బుధవారం. ఇరవై ఒక్క నిమిషాలు నడిచాక. నాలుగు నిమిషాలు. ఇది ఆస్పత్రికి వెళ్ళే రోజు కాదు, దారం రీళ్ళు తేవడానికి వెళ్ళాను. కాబట్టి గీత పడలేదు. ఇప్పుడు సోమ, గురువారాలు మేము ఎనిమిదింటికే బయల్దేరుతున్నాం. పది నిమిషాలకోసారి కారు ఆపి, బానెట్ ఎత్తి చల్లారనిచ్చి మళ్ళీ కదులుతున్నాం. అమ్మ ఆ ఖాళీలో రోడ్డు పక్కన కూర్చుని బొత్తాలు కుట్టేస్తోంది. పోయిన గురువారం దారిన పోయే ఒకావిడ ఆగి "చొక్కాకి ఎంత?" అని అడిగింది కూడా.

ఆరో తేదీ నాలుగోసారి షెడ్డుకి వచ్చాను. ఏం జరిగిందో మీకు తెలిసే ఉంటుంది. కడిగారు. టైర్లకి నల్ల పాలిష్ కూడా పెట్టారు. మా వీధిలో ఇంత మెరిసే కారు ఇంకొకటి లేదు. పక్కింటాయన మేము కారు అమ్ముతున్నామేమోనని వచ్చి అడిగాడు.

కానీ ఒకటి గమనించాను. నేను గోడ పక్కన నిలబడి ఉన్నప్పుడు, నీలం టోపీ అన్న బానెట్ ఎత్తి తలంతా లోపల పెట్టి చాలాసేపు ఏదో చేశాడు. ఇంజన్‌ని కూడా తోముతున్నాడేమో అనుకున్నాను. యజమాని గారు గుమ్మంలోకి రాగానే టక్కున బానెట్ మూసి పైపు అందుకున్నాడు. ఇంజన్ లోపల కడగకూడదని నాకే తెలుసు, ఆయనకి తెలియదా?

వచ్చే శనివారంతో గ్యారంటీ అయిపోతుంది. కావున వేరే కారు ఇవ్వండి అని కోరుచున్నాను. ఇప్పుడు ఈ వాక్యం నాకు సెలవు చీటీ కన్నా బాగా వచ్చేసింది.

ఇట్లు,
తెల్ల కారు అబ్బాయి

తా.క. వేడెక్కినా నోరు విప్పరు అని నన్ను అన్నారు కదా. రెండు రోజులు ఆలోచించాను. నిజమే.

—

గౌరవనీయులైన ఖాతాదారు గారికి,

యజమాని గారి ఆదేశం మేరకు తెలియజేయునది. గ్యారంటీ ముగియబోతున్నందున శుక్రవారం పదకొండు గంటలకు షెడ్డు పక్కనే ఉన్న షోరూంలో యజమాని గారి గదికి రావలెను. ఫిర్యాదు ఏమైనా ఉంటే ఆయన ఎదుట, మీ నోటితో మీరే చెప్పవలెను. చెప్పని పక్షంలో "నాకు ఏ ఫిర్యాదూ లేదు" అన్న కాగితం మీద సంతకం చేసి వెళ్ళవలెను. కాగితం ఇప్పటికే టైపు చేయించడమైనది.

ఇట్లు,
సేవా విభాగం

తా.క. ఆయన ఆ కాగితం ఎందుకు ముందే టైపు చేయించారో మీకు అర్థమయ్యే ఉంటుంది. మీ గురించి ఆయనకు నమ్మకం ఎక్కువ. సంతకం మాత్రం పెట్టకండి.

మళ్ళీ తా.క. కారును తొమ్మిదింటికే తెచ్చి షెడ్డులో వదలండి. తాళంచెవి దానికే ఉంచండి. ఎందుకని అడగకండి.

—

గౌరవనీయులైన స్టూలు గారికి,

నమస్కరించి రాయునది. ఇంటికి రాగానే రాస్తున్నాను, తప్పులు పడితే సర్దుకోండి.

తొమ్మిదింటికి కారు వదిలాను. పదకొండు దాకా వీధి చివర గోడకి ఆనుకుని, మనసులోనే చెప్పుకుంటూ నిలబడ్డాను. గదిలోకి వెళ్ళాను. మీ యజమాని గారు చాలా మర్యాదగా కుర్చీ చూపించారు. కాగితం నావైపు తిప్పారు. పెన్ను మూత కూడా ఆయనే తీసి ఇచ్చారు. "చెప్పు బాబూ, ఏమైనా ఉందా?" అన్నారు.

నేను పెన్ను మూతను చూశాను. ఆ గదికి అద్దాల గోడ ఉంది కదా. బయట హాల్లో అమ్మకానికి పెట్టిన కార్ల మధ్య ఏడెనిమిది మంది తిరుగుతున్నారు. వాళ్ళు కూడా నన్నే చూస్తున్నట్టు అనిపించింది. మా తెల్ల కారు కూడా హాల్లోనే, అద్దం గోడకి అవతలే ఉంది. అక్కడికి ఎవరు తెచ్చారో తెలియదు. ఇంజన్ ఆన్‌లోనే ఉంది. నీలం టోపీ అన్న బానెట్ ఎత్తి, గుడ్డ పట్టుకుని ఏదో తుడుస్తున్నట్టు నిలబడ్డాడు.

"ఏమీ లేదు కదా?" అన్నారు యజమాని గారు. నా నోటి చివరిదాకా వచ్చేసింది స్టూలు గారూ, ఆ పాత మాట. "ఏం లే" దాకా అనేశాను కూడా.

అప్పుడు కారు ఆగింది. హారన్ మొదలైంది.

అద్దాల హాల్లో ఆ హారన్ ఎలా ఉంటుందో మీకు చెప్పలేను. బల్ల మీద టీ కప్పు సాసర్లో గడగడలాడింది. యజమాని గారు లేచి "ఆపు! ఆపు!" అని అరుస్తున్నారు, పెదాలు కదులుతున్నాయి కానీ మాట వినపడట్లేదు. అప్పుడు నాకొకటి తట్టింది. ఆయన మాట నాకు వినపడట్లేదంటే, నా మాట కూడా ఎవరికీ వినపడదు!

అంతే, మొదలుపెట్టాను. గొంతు చించుకుని అరిచాను. ఇరవై నిమిషాల సంగతి, ఆస్పత్రి బోర్డు సంగతి, అమ్మ మూట నెత్తిన పెట్టుకుని పరిగెత్తడం, పుస్తకంలో గీతలు, రోడ్డు పక్కన బొత్తాలు, నాలుగు స్నానాలు. జన్మలో అంత మాట్లాడలేదు. చాలా హాయిగా ఉంది. ఎవరూ వినట్లేదు కదా. చివరికి బల్ల మీద కొట్టి మరీ "ఇది నా హక్కు! వేరే కారు ఇవ్వండి!" అని అరిచాను.

సరిగ్గా "ఇది నా" దగ్గర హారన్ ఆగిపోయింది.

"హక్కు! వేరే కారు ఇవ్వండి!" అని నా గొంతు ఒక్కటే హాలంతా మోగింది. ఏడెనిమిది మందీ ఇటు తిరిగారు. కారు కొనడానికి వచ్చిన ఒకావిడ పర్సు మూసేసి "ఏమైంది బాబూ?" అంటూ గుమ్మం దగ్గరికి వచ్చింది. ఇంక దాచుకునేది ఏముంది? ఆవిడకి మొత్తం మళ్ళీ చెప్పాను. మామూలు గొంతుతో, మొదటినుంచీ. చెవులు ఎర్రబడ్డాయి కానీ నోరు ఆగలేదు.

యజమాని గారు ఆవిడకి వినపడేలా "అమ్మా, ఈ కారుకి మేము ఒక్క మరమ్మతు కూడా చేయలేదు, కార్డులే సాక్ష్యం" అన్నారు. అప్పుడు నీలం టోపీ అన్న లోపలికి వచ్చి నాలుగు కార్డులు బల్ల మీద పెట్టాడు. కార్డులు వెనక్కి తిప్పిపెట్టి వెళ్ళిపోయాడు. యజమాని గారు వాటిని చదివారు. మళ్ళీ చదివారు. ఆవిడ కూడా ఆయన భుజం మీదుగా చదివింది. తర్వాత ఆయన టైపు చేసిన కాగితం మడిచి జేబులో పెట్టుకుని "బాబూ, ఆ ఆకుపచ్చ కారు నీకు నచ్చిందా?" అన్నారు.

నచ్చింది. దాంట్లోనే ఇంటికి వచ్చాను. గంటంపావు నడిపాను, తొమ్మిది సిగ్నళ్ళ దగ్గర ఆపాను, ఒక్కసారి కూడా ఆగలేదు, అరవలేదు. అమ్మ సోమవారం మూట ఇప్పుడే కట్టేసి కూర్చుంది. అక్క నన్ను మళ్ళీ మళ్ళీ చెప్పమని "వేరే కారు ఇవ్వండి" దగ్గర చప్పట్లు కొడుతోంది.

మీకు చాలా థాంక్స్. మీరు లేకపోతే తేదీలు రాసుకునేవాడిని కాదు, గ్యారంటీ నియమం తెలిసేది కాదు. ఒక్కటే బాధ. ఆ నీలం టోపీ అన్న అన్నిసార్లు నన్ను చూశాడు కదా, నాకోసం ఒక్క మాట చెప్పొచ్చు కదా? ఆ కార్డుల వెనక ఏముందో నాకు తెలియదు. ఆయన రాసిందేమీ అయ్యుండదు.

ఇట్లు,
ఆకుపచ్చ కారు అబ్బాయి

తా.క. ఒకసారి మిమ్మల్ని చూడాలని ఉంది. మీ స్టూలు ఎక్కడ ఉంటుంది?

—

తమ్ముడూ,

ఈ ఉత్తరం యజమాని గారు చదవరు. ఈ ఫోను నాకిచ్చాక మొదటిసారి ఆయనకి చూపించకుండా పంపుతున్నాను. అందుకని సంతకం కోసం ఆగక్కర్లేదు, పైనే రాసేస్తాను.

స్టూలు షెడ్డులో కుళాయి పక్కన ఉంటుంది. నువ్వు నాలుగుసార్లు దాని ముందే నిలబడ్డావు. నాలుగుసార్లూ నేను దాని మీంచి లేచి నీ దగ్గరికి వచ్చి కనుబొమ్మలు ఎగరేశాను.

అవును, ఆ పొగరు నాదే.

నాలుగేళ్ళ కిందట నేను చేరినప్పుడు యజమాని గారు నన్ను చూసి, "నువ్వు ఎలాగూ మాట్లాడవు, ఇది మాట్లాడక్కర్లేని పని" అని ఈ ఫోను చేతిలో పెట్టారు. అప్పటినుంచి సేవా విభాగం అంటే నేనే. రాయమంటే పేజీలు రాస్తాను. మనిషి ఎదురుగా నిలబడితే నాకూ టైరే కనపడుతుంది. మొదటిరోజు నువ్వు టైరు చూస్తున్నప్పుడు నేనూ అదే టైరు చూస్తున్నాను. "ఏం లేదన్నా" అన్నావు. హమ్మయ్య అనుకుని కడిగేశాను. మర్నాడు నీ ఉత్తరం చదివాక మాత్రం అన్నం సరిగ్గా తినలేకపోయాను.

ఆ తర్వాత మూడుసార్లూ ఊరికే కడగలేదు. రెండోసారి బ్యాటరీ దగ్గర వైర్లు విప్పి కట్టాను. మూడోసారి హారన్ వైరు మొత్తం మార్చాను. నాలుగోసారి నువ్వు చూశావే, ఇంజన్ తోముతున్నాననుకున్నావే, అప్పుడు ఇంకో భాగం మార్చాను. మూడుసార్లూ లోపం పోలేదు. కార్డు ముందువైపు ఆజ్ఞ ప్రకారం "కడగడం" అని రాశాను. వెనకవైపు ఏం రాయాలో ఆజ్ఞ లేదు. అందుకని వెనక, చేసిన మరమ్మతు రాసి, నా సంతకం పెట్టి, తేదీ నిమిషాలతో సహా నీ సందేశం అచ్చు తీసి అంటించాను. ఒకే లోపం, మూడు మరమ్మతులు, కొన్నవాడి రాతపూర్వక ఫిర్యాదు. యజమాని గారు అన్నిటికీ ముందువైపే చూస్తారు, ఉత్తరాలకి పైభాగం చూసినట్టే.

శుక్రవారం తొమ్మిదింటినుంచి నీ కారుని ఊరంతా తిప్పి తిప్పి వేడెక్కించి హాల్లో పెట్టింది నేనే. ఆ గదిలో నువ్వు ఒంటరిగా ఉండకూడదనిపించింది. హారన్ మొదలయ్యాక ఫ్యూజు మీద చెయ్యి పెట్టుకుని, అద్దంలోంచి నీ పెదాలు చూస్తూ నిలబడ్డాను. నువ్వు ఏం చెబుతున్నావో నాకు వినపడకపోయినా తెలుసు, అన్నీ నాకు రాసినవే కదా. "ఇది నా" అనగానే ఫ్యూజు పీకేశాను. ఇంకో క్షణం ముందు పీకాల్సింది, "ఇది నా" కూడా వాళ్ళకి వినపడేది. గ్రీజు వేళ్ళలోంచి ఫ్యూజు ఒకసారి జారింది.

నన్ను ఉద్యోగంలోంచి తీసేశారా అని అడుగుతావేమో. తీసేయలేదు. ఆ పర్సు మూసినావిడ కార్డుల వెనక చదివి, "ఇంత నిజం రాసే మెకానిక్ ఉన్నచోటే కొంటాను" అని మర్నాడు వచ్చి కారు కొంది. యజమాని గారు సాయంత్రం నా స్టూలు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. చాలాసేపు చూశారు. కనుబొమ్మలు ఎగరేశారు. నేనూ ఎగరేశాను. అంతటితో ఆ విషయం అయిపోయింది.

ఆకుపచ్చ కారుకి నెల తర్వాత ఒకసారి చూపించాలి. తీసుకురా. ఈసారి నేను నోటితోనే "ఏమైంది తమ్ముడూ?" అని అడుగుతాను. అద్దం ముందు రోజూ రెండుసార్లు చెప్పి చూసుకుంటున్నాను. నువ్వు కంగారుపడి "ఏం లేదన్నా" అన్నావో, కడిగేస్తాను.

ఇట్లు,
నీలం టోపీ

తా.క. ఫిర్యాదు సంఖ్య అరవై ఒకటి మూసేసే ముందు పాత ఉత్తరాలన్నీ మళ్ళీ చూశాను. ఒక్క కోరిక మాత్రం తీర్చకుండా మిగిలిపోయింది. సేవా విభాగం తన అధికారం దాటి ఇందుమూలంగా తెలియజేయునది: మీరు కోరిన రెండు రోజుల సెలవు మంజూరు చేయడమైనది. మంగళవారం, బుధవారం తీసుకో. సోమవారం మాత్రం పదింటిలోపు మూట చేర్చాలి.